‘వలస’ అని రాసిన పదకొండు గడులు

కోసిగికి ఏడు కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో నబీసా పద్నాలుగేళ్లుగా ఆశా కార్యకర్త. భర్త రబ్బానీ బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. పిల్లలు ఫిరోజ్, సమీరా ఇద్దరూ కాలేజీ చదువులకొచ్చారు. ఏ ఇంటి కోడలికి ఎన్నో నెల, ఏ ముసలాయనకు బీపీ మాత్రలు అయిపోవచ్చాయి, ఇవన్నీ నబీసాకు పుస్తకం తెరవకుండానే తెలుసు. ఊళ్లో ఆమెను నబీసక్కా అనని వాళ్లు లేరు.

ఆ ఏడు మే నెలలో ఏఎన్ఎం హేమావతి వచ్చి, గ్రామ సచివాలయంలో ఫ్యాను కింద కూర్చుని ఏడాది పట్టిక ముందు పెట్టింది.

“నబీసా, ఈ ఏడు మీ ఊర్లో ఇరవై ఎనిమిది కాన్పులు. మొగపిల్లోళ్లు పద్దెనిమిది మంది, ఆడపిల్లోళ్లు పదిమంది. ఇంత తేడా యాడన్నా ఉంటాదా? స్కానింగ్ చేపిచ్చుకొని తీపిచ్చుకుంటాండారేమో అని పైనోళ్లు అడుగుతాండారు.”

నబీసాకు కోపమొచ్చింది. “మావోళ్లకు స్కానింగుకు పోయేంత తీరిక యాడుండాది మేడం? దీపావళి దాటితే ఊరంతా సుగ్గికి పాయె.”

సుగ్గి అంటే అక్కడ కూలి కోసం వలసపోవడం. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి ఇంటికి తాళమేసి వెళ్తారు. ఎండలు ముదిరాక తిరిగొస్తారు. నెలలు నిండుతున్న ఆడవాళ్లు కూడా వెళ్తారు, ఇంట్లో వండిపెట్టే మనిషి మిగలదు కాబట్టి.

అలా అనేసింది గానీ, హేమావతి వెళ్లాక నబీసా గర్భిణుల రిజిస్టరు తీసి చూసింది. ప్రతి పేరుకూ చివరి గడిలో కాన్పు ఏమయిందో రాయాలి. పదకొండు గడుల్లో ఆమె చేతిరాతతోనే ‘వలస’ అని ఉంది. మనిషి ఊళ్లో లేనప్పుడు అలా రాసి, తిరిగొచ్చాక దిద్దడం పద్ధతి. ఆమె దిద్దలేదు.

మరునాడు పొద్దున్నే గొడుగు తీసుకుని ఆ పదకొండు ఇళ్లకూ బయలుదేరింది. నాలుగు రోజులు పట్టింది. ఇద్దరికి మధ్యలోనే గర్భం పోయింది. ఒక కుటుంబం ఇంకా తిరిగి రాలేదు. మిగిలిన ఎనిమిది మంది కనింది ఒక మగపిల్లవాణ్ణి, ఏడుగురు ఆడపిల్లల్ని.

ఆ ఏడుగురిలో నలుగురు తల్లుల చంకల్లోనే ఉన్నారు. వాళ్లకు టీకాలు వేయించింది నబీసాయే. అయినా పుట్టినవాళ్ల పట్టికలో ఎక్కించలేదు, ఎందుకంటే అందులో సర్టిఫికెట్ నంబరు అడుగుతారు. సుగ్గిలో కొడుకు పుడితే తండ్రులు ఒక పూట కూలి పోగొట్టుకుని అయినా అక్కడి ఆఫీసుకు వెళ్లి కాగితం తెచ్చుకున్నారు. కాగితం ఇంకా రానిది ఆ ఒక్క మగపిల్లవాడికే. కూతుళ్లకు తర్వాత చూద్దామనుకున్నారు.

“బడికి పోయేటప్పుడు తీసుకుంటాంలేక్కా, ఇప్పుడేమి తొందర?” అన్నాడు అయ్యన్న అనే తండ్రి. ఆ సాయంత్రం నబీసా తన ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచింది. ఫిరోజ్ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. సమీరాకు అలాంటిది లేదు. ఆ పిల్ల పుట్టినరోజు జూన్ పదిహేను అని బళ్లో హెడ్‌మాస్టరు వేసిందే. నిజానికి పుట్టింది చలికాలంలో. తేదీ నబీసాకే సరిగా గుర్తు లేదు.

మిగతా ముగ్గురు ఆడపిల్లలూ చనిపోయారు. వాళ్లు పుట్టినట్టుగానీ పోయినట్టుగానీ ఎక్కడా ఒక్క అక్షరం లేదు. ఆ ముగ్గురిలో ఒకరి తల్లి నాగలత. ఇరవై ఒకటేళ్ల మనిషి, చిన్న ఈరన్న భార్య. నబీసా వెళ్లేసరికి ఆమె వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. అత్త గురమ్మ గడప మీద కూర్చుని ఉంది.

“ఎన్ని దినాలు బతికింది లతా?”

“తొమ్మిది దినాలక్కా. మిరప చేను పక్కన ప్లాస్టిక్ పట్టల గుడిసెలోనే కంటి. కూడా వచ్చినోళ్లే పురుడు పోసిరి. ఎనిమిదో దినం పాలు తాగడం ఇడిసిపెట్టె. శానా చలి ఆడ. ఆటో వచ్చేలోపల...” నాగలత కాయలు ఒలవడం ఆపలేదు. “కాలవ గట్టున పూడ్చిపెడితిమి. పూడ్చిన నాలుగో దినం నేను మళ్లా కోతకు పోతి.”

నబీసా పెన్ను తీసింది. గురమ్మ లేచి వచ్చింది.

“అదంతా యాటికి రాస్తాండావు? మొగబిడ్డ గాదు, బతికున్న బిడ్డ గాదు. ఇప్పుడు రాస్తే లేసొస్తాదా?”

“లేసి రాదత్తా. పుట్టింది నిజమే గదా, పుట్టిందని రాస్తాండా.”

“పేరు గూడా లేదు దానికి.”

“ఉండాది,” అంది నాగలత. అత్త వైపు చూడకుండానే అంది. “పదకొండో దినం అందరికీ చెబుదామనుకుంటి. ఆరాధన.”

నబీసా ఆ పేరు రాసుకుంది. గురమ్మ లోపలికి వెళ్లిపోయింది.

కొత్త లెక్కలో మగపిల్లలు పంతొమ్మిది, ఆడపిల్లలు పదిహేడు. స్కానింగు అనుమానం తీరింది. కానీ ఏడాది లోపు పిల్లల చావులు ఒకటి ఉన్నచోట నాలుగయ్యాయి. జూన్‌లో ఆసుపత్రి మీటింగులో పై అధికారి ఆ కాగితం చూసి నబీసాను లేపి నిలబెట్టాడు.

“గుంటూరు పక్క పోయిన పిల్లలు మన లెక్కలోకి ఎందుకొస్తారమ్మా? ఇది పైకి పంపితే జిల్లా అంతటికీ మీ ఊరే ముందుంటుంది.”

ఇంతమంది ముందు నబీసా ఎప్పుడూ మాట్లాడలేదు. “తల్లులు మన ఊర్లోనే ఉండారు సార్. రాయకుంటే మావోళ్లు ఆడపిల్లల్ని కడుపులోనే తీపిచ్చుకుంటాండారంటిరి. రాస్తే పిల్లోళ్లు సచ్చిపోతాండారంటారు. జరిగింది మాత్రం రెండోది సార్.”

హేమావతి లేచి, “నేను ఇంటింటికీ పోయి చూసినా సార్, నిజమే,” అంటూ ఆ కాగితం తీసుకుని అక్కడే సంతకం పెట్టింది. నిజానికి ఆమె వెళ్లింది మూడిళ్లకే. మిగతా ఇళ్లకు ఆ తర్వాత వారం తిరిగింది.

నబీసాను పని రానివాళ్లతో పాటు రెండు రోజుల శిక్షణకు పంపారు. ఊరి పేరు రెండు నెలలు చెడ్డ జాబితాలో ఉంది. సర్పంచి ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాడు. ఆగస్టులో ఒక డాక్టరమ్మ వచ్చి ముగ్గురు తల్లులతోనూ విడివిడిగా కూర్చుని, చలి గురించి, గుడిసె గురించి, ఆటో ఎంతసేపటికి వచ్చిందన్న దాని గురించి అడిగి రాసుకుంది. అలా వచ్చి అడిగిన మనిషి అంతకుముందు లేదు.

అక్టోబరు చివర్లో, సుగ్గి బండ్లు కదలకముందే, నబీసా గర్భిణుల ఇళ్లు చుట్టింది. ఎవరు ఏ ఊరికి వెళ్తున్నారో కూలీలను తీసుకెళ్లే మేస్త్రీలను అడిగి తెలుసుకుంది. హేమావతి ఆ ఊళ్ల నర్సుల ఫోన్ నంబర్లు సంపాదించింది. ఆ నంబర్లను నబీసా ఒక్కొక్కరి కార్డు మీద ఎర్ర సిరాతో రాసింది. ఆ ఏడు ఐదుగురు గర్భిణులు వెళ్లారు. నలుగురు ఆసుపత్రిలో కన్నారు. ఐదో ఆమె దారిలో ఆటోలో కనింది. ఐదుగురు బిడ్డలూ బతికారు, అందరికీ కాగితాలు వచ్చాయి.

ఆరాధన కాగితాలకు ఎక్కువ కాలం పట్టింది. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు చేయించాలి, ఏడాది దాటితే పై అధికారి ఆర్డరు తేవాలి. చిన్న ఈరన్న మరుసటి సుగ్గిలో నాలుగుసార్లు ఆ ఆఫీసుకు తిరిగాడు. మార్చిలో పుట్టినట్టు ఒకటి, చనిపోయినట్టు ఒకటి, రెండు కాగితాలూ చేతికొచ్చాయి. నాగలత వాటిని బియ్యం డబ్బా వెనక గోడగూట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత వారం గురమ్మ ఒక్కతే నబీసా ఇంటికొచ్చింది. మంచినీళ్లు తాగింది. ఎండల మాట, మేకల మాట మాట్లాడింది. లేవబోతూ మళ్లీ కూర్చుంది.

“నాకూ ఇద్దరు పోయిరి నబీసా. ఈరన్న కంటే ముందు. ఇద్దరూ ఆడబిడ్డలే. ఒకదానికి మూడు నెలలు, ఇంకోదానికి ఏడాది నిండలేదు. వాళ్లను రాస్తారా?”

ముప్పై ఏళ్ల కిందటి చావులకు నబీసా పుస్తకంలో గడి లేదు. ఆ మాట చెప్పలేదామె. రిజిస్టరు చివర ఉన్న తెల్ల పేజీ తీసి, పెన్ను మూత తీసి అడిగింది.

“పేర్లు చెప్పత్తా.”