కులాష్ నోట రాని మాట

ఎడారి పార్కులోని ఎర్రలోయను వచ్చినవాళ్లకు తిప్పి చూపించడం కులాష్ పని. ఆ లోయ నిండా రాళ్లే. ఆవిడ నోట మాత్రం రాయి అన్న మాటే రాదు. మామగారి పేరు తస్‌బొలత్ మరి. తస్ అంటే కజఖ్ భాషలో రాయి. కోడలన్నది మామ పేరే కాదు, అందులో ముక్క కూడా పలకకూడదు. అందుకని, "ఈ గట్టిదాన్ని గాలే చెక్కింది. పక్కన ఆ గట్టిది చూడండి, అచ్చం ఒంటె," అనేది. అల్మాటీ నగరం కుర్రకారు పళ్లికిలించేవారు. నవ్వితే నవ్వనీ, పెళ్లయిన నాటినుంచీ ఆవిడ ఒక్కసారీ నోరు జారలేదు.

ఇంత మర్యాద చేస్తే పెద్దాయన పొంగిపోవాలా? అబ్బే! ఒకప్పుడు ఆ లోయలోనే గొర్రెలు కాశాడు కదా, రోజూ వ్యాన్‌లో ముందు సీటెక్కేసి కోడలు చెప్పే ప్రతిదానికీ వంక పెట్టేవాడు. ఒక పొద్దున పాల టీ చల్లారిందని అలిగి, పోయి ఒక చరియ కింద చతికిలబడ్డాడు.

కులాష్ గట్టు మీంచి చూసింది. ఆయన నెత్తిన చరియలో పెద్ద బండ కదులుతోంది, మట్టి రాలుతోంది.

"అతా! ఇటు రండి, అతా!"

అతా అంటే తాతా అనే. ఆ రోజు వచ్చినవాళ్లందరూ పింఛను తాతలే. అందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప.

"అతా, గట్టిది! గట్టిది పడుతోంది!"

"గట్టిగా అరవకు. నాకేం చెవుడు లేదు," అన్నాడాయన తలెత్తకుండానే.

"తస్‌బొలత్!"

లోయంతా ఆ పేరే మారుమోగింది. ముసలాయన చివాలున లేచాడు.

"కోడలివై ఉండి పేరు పెట్టి పిలుస్తావా? ఎంత పొగరు నీకు!" కర్ర ఊపుకుంటూ, నిప్పులు కక్కుతూ గట్టెక్కాడు. వెనకాల దభీమని బండ పడింది. తిరిగి చూస్తే, తను కూర్చున్న చోటు బండ కింద ఉంది. ఎత్తిన కర్ర దించేశాడు.

ఇద్దరూ ఇల్లు చేరారు. మనిషి దక్కాడన్న సంతోషం ఉన్నా, కులాష్‌కి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నిండా పోస్తే ఇక లేచి వెళ్లమన్నట్టు కదా, అందుకని వేడి టీ మర్యాదగా సగం గిన్నె పోసి, రెండు చేతులా అందించింది.

"ఇంకోసారి పిలువు," అన్నాడాయన.

"ఏమని?"

"అదే, నా పేరు. పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్లు పోయారు, ఈడువాళ్లూ పోయారు. మీ అత్త బతికుండగా ఒక్కనాడూ పలకలేదు. ఆ పేరు చెవిన పడి ఎన్నాళ్లయిందో."

కులాష్ కళ్లు చెమర్చాయి. తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మో, నావల్ల కాదు, అతా. ముందు ఇంకో గట్టిది పడనివ్వండి."