బత్తాయి తాత, కుండీలో చిట్టి నారింజ

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇంట్లో వెతికినా పిడికెడు మట్టి దొరికేది కాదు. గేటు నుంచి వంటింటిదాకా షాబాద్ బండలే. మా తాతయ్యకు అదే పెద్ద బాధ. నల్లగొండ దగ్గర ఊళ్లో ఆయనకు బత్తాయి తోట ఉండేది. బావులు ఎండిపోతే తోటా ఎండింది. చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మేసి మా నాన్న వెంట పట్నం వచ్చారు. ఇక్కడ ఆయనకు చేయడానికి పనంటూ లేదు. అయినా గల్లీలో అందరూ ఆయన్ని బత్తాయి తాత అనే పిలిచేవాళ్లు. ఎవరి గులాబీ ఎండినా, ఎవరి కరివేపాకుకు తెగులు పట్టినా ఆయన్నే అడిగేవాళ్లు. తోట పోయాక ఆయనకు మిగిలింది ఆ పేరొక్కటే.

పక్క పోర్షన్‌లో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. పుట్టింటివాళ్లకు కడియంలో నర్సరీ. కాపురానికి వస్తూ ఒక చిన్న మొక్కను ఒళ్లో పెట్టుకుని రైలెక్కిందట. దాని పేరు కుంక్వాట్. ఆ పేరు మా గల్లీలో ఎవరికి నోరు తిరుగుతుంది? అందరం చిట్టి నారింజ అనేవాళ్లం. కుండీలో నా నడుమెత్తు పెరిగింది గానీ ఇంకా కాపుకు రాలేదు. అక్క పొద్దున్నే దాని ఆకుల మీద దుమ్ము తుడుస్తూ కబుర్లు చెప్పేది. పురిటికి పుట్టింటికి వెళ్తూ ఆ కుండీని మా తాతయ్యకు అప్పగించింది. వాళ్లాయనకు నీళ్లు పోయడం గుర్తుండదట, మీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత అని చెప్పింది. ఆ రోజు మా తాతయ్య నడకే మారిపోయింది.

అక్క తిరిగొచ్చేసరికి దాన్ని పూయించి చూపించాలని ఆయన పట్టుదల. బత్తాయి తోటల్లో ఒక పద్ధతి ఉంది. నీళ్లు ఆపేసి, ఆకులు వడలేదాకా చెట్లను బెట్టకు వదులుతారు. తర్వాత ఎరువేసి నీళ్లు కడితే చెట్టు విరగబూస్తుంది. తాతయ్య కుండీకి కూడా అలాగే నీళ్లు ఆపేశారు. మా అమ్మ అనుమానపడి ఏదో అనబోతే, చెట్ల సంగతి నాకు చెప్తున్నావా అన్నట్టు చూశారంతే.

తోటలో అయితే వేరు లోపలికి దిగి తడి వెతుక్కుంటుంది. కుండీలో ఎక్కడికి పోతుంది పాపం? ఆకులన్నీ ముడుచుకుని రాలిపోయాయి. నీళ్లు పోసినా లేవలేదు. చీపురు పుల్లల్లాంటి కొమ్మలు మిగిలాయి. తాతయ్యకు అన్నం సయించలేదు. రోజూ గోటితో బెరడు గీకి, లోపల పచ్చగా కనబడితే కాస్త ఊపిరి పీల్చుకునేవారు. కుండీని నీడకు జరిపి దోసెడు దోసెడు నీళ్లు పోస్తూ కాపాడితే, అక్క వచ్చే నాటికి ఆ మోడు మీద నాలుగు చిగుళ్లు తొంగిచూశాయి.

అక్క వస్తుందన్న రోజు మా నానమ్మ మొక్కకు ఎండదెబ్బ తగిలిందని చెబుదామంది. గల్లీలోవాళ్లూ అదే అన్నారు. తాత పరువు పోవడం ఎవరికీ ఇష్టం లేదు. బాబును ఎత్తుకుని అక్క గేటు తీయగానే, తాతయ్య మాత్రం కుండీని తానే మోసుకొచ్చి అందరూ చూస్తుండగా ఆమె ముందు దించారు.

"తప్పు నాదే బిడ్డా. తోట పద్ధతి కుండీకి పెట్టిన. గిది నాకు తెల్వదు. నువ్వు చెప్పు, నేర్చుకుంట."

నాకు ఏడుపొచ్చింది. ఇక ఆయన్ని బత్తాయి తాత అని ఎవరూ పిలవరనుకున్నాను. అక్క కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, ఎంత ప్రాణంగా పెంచుకుందో మరి. బాబును నానమ్మ చేతికిచ్చి కింద కూర్చుంది. తాతయ్య చూపుడు వేలు పట్టుకుని మట్టిలో గుచ్చింది. రెండో కణుపుదాకా పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలట. తడి తగిలితే మర్నాటిదాకా ఆగాలట. డెబ్బయ్యేళ్ల మనిషి కొత్తగా పలక పట్టిన పిల్లాడిలా తలూపుతూ విన్నారు. అప్పటినుంచి పొద్దున్నే ఆయన వేలికి మట్టి ఉండేది.

మరుసటి వానాకాలం చెట్టు పూసింది. చలికాలానికి ఉసిరికాయంత పండ్లు బంగారు రంగుకు తిరిగాయి. అక్క మొదటి పండు తెంపి తాతయ్య చేతిలో పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ గోటితో తొక్క ఒలవబోయారు.

"తొక్క తీయకండి తాతగారూ. దీని తీపంతా తొక్కలోనే ఉంది."

తాతయ్య అలాగే నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని నమిలారు. బండ్లకొద్దీ బత్తాయిలు అమ్మినవాణ్ని, పండు తినడం ఇప్పుడు నేర్చుకున్నానని పొట్ట పట్టుకుని నవ్వారు. తోట కొట్టించాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. గల్లీవాళ్లు ఆ తర్వాత కూడా ఆయన్ని బత్తాయి తాత అనే పిలిచారు. మొక్కల సంగతి అడగడానికి మునుపటికంటే ఎక్కువమందే వచ్చారు. తెలియనిది తెలియదని చెప్పే మనిషి తెలుసన్నదాన్ని నమ్మొచ్చని వాళ్లకు అర్థమైంది.

ఇప్పుడు మేం ఎల్బీ నగర్‌లో ఉంటున్నాం. బాల్కనీలో ఉన్న చిట్టి నారింజ, అప్పట్లో అక్క అంటు కట్టిచ్చిన చెట్టు సంతానమే. మొన్న నా కోడలికి కాన్పయింది. పసిదానికి నీళ్లు పోశాక నేను సాంబ్రాణి పొగ వేయబోతే, డాక్టరు వద్దన్నారత్తయ్యా అంది. ఇంతమందిని పెంచినదాన్ని, నాకు చెప్తున్నవా అని నోటిదాకా వచ్చింది. మాట మింగి బాల్కనీలోకి పోయాను. కుండీలో వేలు పెట్టి చూశాను. కాసేపటికి లోపలికి వచ్చి నిప్పుల గిన్నె పక్కకు జరిపాను.

"గిది నాకు తెల్వదమ్మా. నువ్వు చెప్పు, నేర్చుకుంట" అన్నాను.

కోడలు బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.