జొన్నల కుండలో అంకమ్మ

నిన్న కంభం సంతలో రంగు పెచ్చులూడిన కొయ్య అంకమ్మ తల్లి బొమ్మను చూశాను. మన చిన్నప్పటి మా అవ్వ బొమ్మ మీకు గుర్తుందిరా? పసుపు మొహం, అరిగిన ముక్కు. మిషనులో కలిసి కిరస్తానం పుచ్చుకున్నాక కూడా అవ్వ దాన్ని జొన్నల కుండలో దాచి, రోజూ తెల్లవారుజామున తడుముకునేది.

అది బయటపడితే మిషను బడిలో మా నాయన పంతులుద్యోగం ఊడుతుంది. అది తెలిసే, మిమ్మల్ని నవ్వించాలని ఒక ఆదివారం దాన్ని తీసుకెళ్లి చర్చిలో బల్లమీద, బైబిలు పక్కన నిలబెట్టాను.

"ఎవరిదిరా ఈ దయ్యం?" అన్నారు పాదిరి గారు. ఆయన చూపు అవ్వ మీద ఆగింది.

"నాకేం తెల్సు నాయనా," అంది అవ్వ.

"అట్లయితే నువ్వే కాల్చవ్వా."

చర్చి ముందర మంటలో వేసింది. రంగు చిటపటలాడుతుంటే మీరంతా పడీపడీ నవ్వారు. "మొగం ఇంకా కాల్లేదవ్వా, కంప ఎయ్యి!" అని అరిచింది నేనే.

అవ్వ నా కళ్లలోకి చూసింది. బొమ్మను ఎవరు తెచ్చారో ఆమెకు అప్పుడు తెలిసింది. వంగి, కంప వేసింది.