చెప్పడం వరకే

నందిగామ కాలేజీలో జువాలజీ చెప్పే మేడమ్, నేను జగ్గయ్యపేట నుంచి ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. జన్యువుల మాట వస్తే ఆవిడ పిడికిలి బిగించి మెల్లగా విప్పేవారు. "కణాలన్నిట్లో ఉండేది అవే జన్యువులండీ. ఏవి మూసుకోవాలి, ఏవి తెరుచుకోవాలి అని చెప్పే గుర్తులే వేరు. వాటి వల్లే ఒక కణం రోగంతో పోరాడే తెల్లకణంగా ఎదుగుద్ది," అనేవారు.

ఆవిడ భర్తకు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. తెల్లకణాలు ఎదగకుండా పసితనంలోనే ఆగిపోతున్నాయి. వాటిని ఎదగనిచ్చే జన్యువులు కొన్ని మూసుకుపోయాయని, తెరిపించడానికి ఇంజెక్షన్లు ఇస్తున్నామని డాక్టర్లు చెప్పారు.

నేను చూడ్డానికి వెళ్ళినరోజు ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని భార్యను అడిగారు.

"ఇది నువ్వు పిల్లలకి చెప్పే పాఠమేగా. మరి నాకెందుకు తెరుచుకోవట్లా?"

ఆవిడ చేయి లేచింది. పిడికిలి మాత్రం విప్పలేకపోయారు. "నాకు చెప్పడం వరకే వచ్చండీ," అన్నారు. ఆయన నవ్వబోయి దగ్గారు.

ఆయన పోయిన కొన్నాళ్ళకు ఆవిడ మళ్ళీ బస్సెక్కారు. ఆ పాఠం ఇంకొకరికి ఇస్తానని ప్రిన్సిపాల్ అంటే ఒప్పుకోలేదట.

"ఆ మందుతో బాగుపడినవాళ్ళూ ఉన్నారండీ. పిల్లలకి అదీ చెప్పాలిగా," అన్నారు నాతో. బస్సు దిగబోతూ, "'మీ ఆయనకెందుకు పనిచెయ్యలేదు మేడమ్' అని మాత్రం ఎవరూ అడక్కపోతే బాగుండు," అన్నారు.