కుడిచేతి గ్రిప్పు

మేం ఆ సైనిక పోస్టుకి చేరింది అక్టోబరు ఆఖర్న. ట్రక్కు దిగగానే నూకరాజు ముక్కులోంచి నెత్తురు కారింది. అక్కడ గాలి అంత పల్చన. చెట్టు లేదు, గడ్డి లేదు. రాళ్లు, మంచు, రేకుల షెడ్డు, ఇసుకబస్తాల బంకరు. డిసెంబర్లో బీచ్‌రోడ్డు మీద మంకీక్యాప్ పెట్టుకుని "అబ్బ, ఏం చలి" అనే మీకు ఆ చలి గురించి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. సగం టీ తాగేలోపు మిగతా సగం చల్లారి పొర కట్టేది.

నూకరాజు మా మేనత్త కొడుకు. ఇద్దరివీ విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర వేటకెళ్లే ఇళ్లే. సైన్యంలో ఒకే రోజు చేరాం. తొంభైల చివర ఆ కొండల్లో ఇద్దరికీ ఒకటే పని. మోటార్‌సైకిల్ మీద కాగితాల సంచి పై పోస్టులకి చేరవెయ్యడం.

చలిలో బండి నడిపేవాడికి ఎడమచేతితో పెద్ద పేచీ లేదు. గేరు మార్చనప్పుడు దాన్ని దించి ఇంజిను దగ్గర కాచుకోవచ్చు. కుడిచేతికి ఆ వీల్లేదు. యాక్సిలేటర్ వదిలితే బండి ఆగుతుంది. ఆ ఎత్తులో ఆగిన బండి మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు.

అందుకే నూకరాజు బావ సెలవు మీద ఊరెళ్లినప్పుడు వన్‌టౌన్‌లో మోటార్లు చుట్టే భాయ్‌తో వేడి గ్రిప్పులు చేయించి తెచ్చాడు. రబ్బరు తొడుగు కింద సన్నటి హీటరు తీగ, బ్యాటరీకి వైరు, చిన్న వేడికీ పెద్ద వేడికీ స్విచ్చి. సరిగ్గా కుదర్చడానికి మా ఇద్దరికీ తల ప్రాణం తోకకి వచ్చింది. కుడిపక్క గ్రిప్పు తిరుగుతుంది కాబట్టి వైరు వదులుగా ఉంచాలి, లేకపోతే తెగుతుంది. ఎడమపక్కది నేరుగా ఇనప హ్యాండిల్ మీద కూర్చుంటుంది. వేడంతా ఇనుమే లాగేసుకుంటుంది. కింద సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి. బయల్దేరేటప్పుడు పెద్ద వేడి, చేతులు కాగాక చిన్న వేడి. అలా మార్చకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

"సెయ్యెట్టి సూడు బావా. అమ్మ పొయ్యి కాడ కూకున్నట్టుంది," అన్నాడు నూకరాజు.

ఆ ముచ్చట నాలుగు రోజులు కూడా సాగలేదు. గ్రిప్పులు బళ్ల షెడ్డు హవల్దారు కంట్లో పడ్డాయి.

"ఇది రూల్సులో లేదు. విప్పు," అన్నాడు హిందీలో.

బావ విప్పి ఇచ్చాడు. మర్నాడు అవి హవల్దారు వాడుకునే బండికే బిగించి ఉన్నాయి. ఆ బండి షెడ్డుకీ మెస్సుకీ మధ్య తప్ప తిరిగేది కాదు.

ఆ వారమే మంచుగాలి లేచింది. సంచి పైకి వెళ్లాలని ఆర్డరు. బావ వెళ్లాడు. మధ్యాహ్నం పై పోస్టు నుంచి ఫోను. సిగ్నల్ ఆపరేటర్ రిసీవరు నా చేతికిచ్చాడు.

"సంచి ఇచ్చీసేను బావా. కుడి సెయ్యి తెలట్లేదు."

"తెలట్లేదంటే ఏటి? నొప్పెడతందా?"

"నొప్పెడితే బాగున్ను."

గాలి తగ్గేదాకా హెలికాప్టరు రాలేదు. ఆస్పత్రిలో నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు మిగిలింది.

ఆ కబురు తెలిసిన రోజు నేను ఏడవలేదు. మెస్సులో హవల్దారు చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను. రొట్టె తుంచి పప్పులో ముంచుకుని తింటున్నాడు. ఫిర్యాదు చేద్దామంటే, రూల్సులో లేవన్న మాట నిజమే. వీణ్ణి ఊరికే వదలను అనుకున్నాను.

కొన్నాళ్లకి తనే వచ్చాడు. మర్నాడు పెద్దాఫీసరు బళ్ల తనిఖీ.

"ఎడమది వేడెక్కట్లేదు. నీకు తెలుసటగా, చూడు."

చూశాను. ట్యూబు ముక్క చుట్టాను. వైరు సరిచేశాను. బావ బండికి కూడా అంత శ్రద్ధగా చెయ్యలేదు. చివర్లో స్విచ్చిని తప్పించి ఇంకో వైరు నేరుగా బ్యాటరీకి కలిపాను. స్విచ్చి ఆపినా రాత్రంతా తీగ కాలుతూనే ఉంటుంది.

పొద్దున్న వరుసలో అన్ని బళ్లూ స్టార్టయ్యాయి. హవల్దారు కిక్కు కొడుతూనే ఉన్నాడు. బ్యాటరీ చచ్చి ఊరుకుంది. పెద్దాఫీసరు వంగి చూశాడు.

"ఈ వైర్లేంటి? ఎవరి అనుమతి?"

హవల్దారు నా వైపు చూశాడు. నేను కొండ వైపు చూశాను. వాడు నా పేరు చెబితే గ్రిప్పులు ఎవరివో చెప్పాలి. అది చెబితే ఆ వేళ్లు ఎందుకు పోయాయో కూడా చెప్పాలి. బండి దిగి నిలబడ్డాడు.

"విప్పు. ఇక్కడే, ఇప్పుడే," అన్నాడు పెద్దాఫీసరు.

గ్లవుజులతో ఆ స్క్రూలు రావు. వట్టి చేతుల్తో విప్పాడు. చర్మం ఇనుముకి అతుక్కుని ఊడింది. మిగతావాళ్లు టీకి వెళ్లిపోయారు. నేను మాత్రం ఆఖరి స్క్రూ దాకా నిలబడి చూశాను. కడుపు నిండింది. ఇప్పుడు తలుచుకున్నా నిండుతుంది. మీరేమనుకున్నా సరే.

వారం తిరక్కుండా వాణ్ణి షెడ్డు నుంచి తప్పించారు.

అక్కడ నా డ్యూటీ టూరు ముగిశాక విశాఖలో రైలు దిగి సరాసరి బావ ఇంటికే వెళ్లాను. వాడు అప్పటికే సైన్యం నుంచి వచ్చేశాడు. అత్త పొయ్యి మీద కవళ్ల చేపల పులుసు పెట్టింది. జరిగిందంతా చెప్పాను, హవల్దారు కిక్కు కొట్టడం నటించి మరీ. బావ పడీపడీ నవ్వాడు.

"నిజంగా ఆడి సెయ్యి తోలూడిందా?"

"ఊడింది బావా. నా కళ్లతో సూసేను."

"మల్లీ సెప్పు. మొదట్నించి సెప్పు."

మళ్లీ మొదలెట్టాను. అత్త కంచం తెచ్చింది. కవళ్లంటే ఒళ్లంతా ముళ్లే. బావ సముద్రం మీద పుట్టినవాడు, కబుర్లు చెబుతూనే ముళ్లు ఏరుకుని తినేవాడు. ఇప్పుడు కుడిచెయ్యి తొడకింద దాచుకుని కూర్చున్నాడు. అత్త ఒక్కో ముల్లూ తీసి, వేళ్లతో తడిమి చూసి, ముద్ద చేసి పైకెత్తింది.

"ఆపేసేవేటి, సెప్పు," అని బావ నోరు తెరిచాడు.