ఓడదొంగది ఏ ఊరు?

నేను సముద్రం చూడకముందే ఓడదొంగనయ్యాను. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, శనివారం మధ్యాహ్నాలు ఆఫీసు స్నేహితులం నలుగురం ఒకరి గదిలో చేరి ఒక ఆట ఆడేవాళ్ళం. ఒకడు కథ నడుపుతాడు. మిగతా ముగ్గురం ఆ కథలో తలా ఒక పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, అది అయ్యిందా లేదా పాచికలు వేసి తేల్చుకోవాలి. అన్నీ లేని రాజ్యాలు, లేని సముద్రాలు. ఒకతను మంత్రగాడయ్యాడు, ఒకామె విలుకత్తె అయ్యింది. నేను ఓడదొంగను ఎంచుకున్నాను. చిన్నప్పటి నుంచి ఎవరేమన్నా తల ఊపే మనిషిని, వారానికి ఒక్క పూటైనా ఎవరి మాటా విననిదాన్ని కావాలనిపించింది.

ఆడేముందు మన పాత్ర ఏ జనంలోంచి వచ్చిందో, వాళ్ళ బతుకు తీరు ఏమిటో రాసుకోవాలి. నేను ఆట పుస్తకంలో బొమ్మ చూసి మంచు దీవులవాళ్ళను తీసుకున్నాను. బంగారు జుట్టు, తోలు కోటు. కథ నడిపేవాడు నా కాగితం చూసి, "సరే, మీ వాళ్ళు పొద్దున్నే ఏం తింటారు?" అన్నాడు. చేపలన్నాను. పెళ్ళిలో ఏం వండుతారంటే మళ్ళీ చేపలే. అందరూ నవ్వారు. "పోనీ, మీకు సెలవు ఏ రోజు?"

"అమావాస్య" అనేశాను.

నోరు జారింది. అమావాస్య నాడు ఎవరైనా సెలవు తీసుకుంటారా అని విలుకత్తె వింతగా చూసింది. "మా ఇంట్లో అంతే. ఆ రోజు మగ్గం ఆడదు" అన్నాను. అప్పటికి ఏడాదిగా వాళ్ళతో కలిసి తింటున్నాను. మాది పోచంపల్లి అని చెప్పాను గాని మగ్గం మాట ఎత్తలేదు. అడిగితే బట్టల వ్యాపారమనేదాన్ని. అటు అబద్ధమూ కాదు, ఇటు నిజమూ కాదు. ఆ పిరికితనం మీద నాకిప్పటికీ కోపమే.

కథ నడిపేవాడు నా కాగితం మీద మంచు దీవులను అడ్డంగా కొట్టేశాడు. "నేతవాళ్ళ ఓడదొంగ! వచ్చే వారానికి వాళ్ళ సంగతులన్నీ రాసుకురా" అన్నాడు.

నాకు తెలియనిదా అనుకుంటూ బస్సెక్కాను. ఊరు వచ్చేలోపు రాయగలిగింది నాలుగు ముక్కలు. నాకు నిజంగానే తెలియదు. మా అమ్మ నన్ను తెలుసుకోనివ్వలేదు.

మా అమ్మది ఆసు పని. చీరకు రంగు అద్దేముందు పేక నూలును, అంటే అడ్డపోగులను, లెక్క తప్పకుండా పేర్చాలి. ఒక చెక్క మీద అర్ధచంద్రంలా మేకులు, ఎదురుగా ఒకే ఒక్క మేకు. నూలు పట్టుకున్న చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఒక్క చీరకే వేల సార్లు తిరగాలి. నేను పక్కన కూర్చుంటే తరిమేది. "పో, సదువుకో పో. నీ చెయ్యి గిందుకు కాదు." తర్వాత మా వీధిలో ఆసుకు యంత్రాలు వచ్చాయి. అవి వచ్చేసరికే అమ్మ కుడి భుజం అరిగిపోయింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. పని మానేసిన ఆ రెండేళ్ళుగా ఆసు మాటే ఎత్తనిచ్చేది కాదు. ఎవరైనా కదిపితే, "అయిపాయె గద, గా ముచ్చట ఇప్పుడెందుకు" అని లేచిపోయేది. ఇక పనికిరానిదాన్నయ్యానని లోలోపల కుమిలిపోతోందని నాకు తెలుసు. ఎలా ఓదార్చాలో మాత్రం తెలియలేదు.

ఆదివారం పొద్దున అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆట సంగతి చెప్పాను.

"ఓడలు దోసేదానికి మనోళ్ళ ఇల్లే దొరికిందానే? మనోళ్ళల్ల దొంగలెవరున్నరు?" అమ్మకు నిజంగానే కోపమొచ్చింది.

"ఉత్తగ ఆటనే అమ్మా."

"ఆటైతె మాత్రం? తాగ నీళ్ళకే తండ్లాడినోళ్ళం, మనకు ఓడలెక్కడియి?"

మగ్గం గుంతలోంచి నాయిన అందుకున్నాడు. "అమాసనాడు సిపాయిలొచ్చి మీద పడ్డా లేవదా మరి మీ దొంగ?"

"లేవది" అంది అమ్మ, నాకంటే ముందు. "అమాసంటె అమాసనే."

అక్కడి నుంచి బేరం మొదలైంది. ఏ ఓడనైనా దోచుకోవచ్చు గాని నూలు ఓడ జోలికి పోకూడదు. రంగుల ఓడను ఆపితే కావలసిన రంగు మాత్రం తీసుకుని మిగతాది వదిలేయాలి. పొద్దున తినేది జొన్నరొట్టె. ఓడ మీద పొయ్యి ఎలా అంటే, "గది నువ్వే సూసుకో" అంది. తెరచాప చిరిగితే ఎలా అని అడిగాను. అమ్మ నన్ను జాలిగా చూసి, తెగిన పోగు అతికే తీరు వేళ్ళతో గాలిలోనే చేసి చూపించింది. నేను రాసుకోవడం మరిచిపోయి ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాను. రెండేళ్ళ తర్వాత అమ్మ తన పని గురించి మాట్లాడుతోంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"దానికి తల్లి ఉన్నదా?" అని అడిగింది అమ్మ.

"ఉన్నది. ఇంటికాడ ఆసు పోస్తది" అన్నాను, మురిసిపోతుందనుకుని.

అమ్మ చేతిలోని కాయ పళ్ళెంలో పెట్టేసింది. "వద్దు. ఆమెకు ఆసు పెట్టకు."

"ఆసు లేకుంటె చీరెట్లయితదమ్మా?"

"నువ్వు రాసేదే గద. బిడ్డేమో ఓడేసుకొని దునియంత తిరుగుతాంటె, ఆమె గోడ దిక్కు సూసుకుంట కూసోవాల్నా?"

గౌరవం చేస్తున్నాననుకుంటూ ఆమెను తీసుకుపోయి మళ్ళీ ఆ మేకుల ముందే కూర్చోబెట్టాను. సిగ్గేసింది. "మరేం చెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నాను.

అమ్మ ఇంకో రెండు కాయలకు ఈనెలు తీసింది.

"ఓడ ఆమెదే అని రాయి. ఆమెనే నడుపుతది. కుడిచెయ్యి లేవది, గంతే. ఎడమ చేత్తోని నడుపుతది."

తర్వాతి శనివారం అదే చదివాను. ఓడకు నా పాత్ర నాయకురాలు కాదు, దాని తల్లి. ఎడమ చేత్తో నడుపుతుంది అన్నాను. కుడి చేతికి ఏమైందో తలా ఒకటి ఊహించారు. మంత్రగాడు సొరచేప అన్నాడు. విలుకత్తె ఫిరంగి గుండంది.

"కాదు. ఆసు పోసి పోసి అరిగిపోయింది." ఆసు అంటే ఏమిటో చెప్పి, చెయ్యి ఎటు నుంచి ఎటు తిరుగుతుందో నాకు గుర్తున్నంత మేరకు చేసి చూపించాను. "ఆ చేత్తోనే మా అమ్మ నన్ను చదివించింది."

"నా పాత్ర తల్లి" అనాల్సింది. ఎవరూ నన్ను సరిదిద్దలేదు.