ఈస్టర్ దాకా కత్తెర పెట్టకూడదు

ఆ రోజుల్లో మా చోడవరంలో మగవాడి జుట్టు ఎంత ఉండాలన్నది, ఆ జుట్టున్నవాడు తప్ప మిగతా అందరూ కలిసి తేల్చే విషయం. ఇంట్లో నాన్న ఒక కొలత చెప్పేవాడు. సెలూన్లో కుర్చీ ఎక్కాక సెలూను బావ (నాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ బావే) ఇంకో కొలత చెప్పేవాడు. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి కూడా "ఎండలొస్తన్నాయి గదా బాబూ, కొంచెం తగ్గించీకూడదా" అని ఒక సలహా పడేసి కె.కోటపాడులో దిగిపోయేవాడు. ఇప్పుడు నా నెత్తి గురించి ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు. అభిప్రాయం చెప్పడానికి అక్కడేమీ మిగల్లేదు. మా ఇంట్లో దువ్వెన ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. అయినా అప్పుడప్పుడు అద్దంలో చూసుకుంటున్నప్పుడు, ఒకే ఒక్క ఏడాది నా భుజాల మీద పడిన ఆ నల్లటి జుట్టు గుర్తుకొస్తుంది. గర్వంగా ఏమీ ఉండదు, బాధేస్తుంది. అది అంత పెరగకుండా ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదేమో. (మా ఆవిడ ఇలాంటివి చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నాను. ఇది ఆవిడ సీరియళ్ళ టైము.)

అప్పటికి నేను డిగ్రీ అయిందనిపించి, బస్టాండు ఎదురుగా ఒక సెల్‌ఫోన్ల షాపులో పనికి కుదిరాను. షాపు యజమాని రోజూ అనకాపల్లి నుంచి బస్సులో వచ్చేవాడు, ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. ఆదివారాలు చర్చిలో పాటల గుంపులో నిలబడి పాడేవాణ్ణి. ఆ గుంపులోనే కోటపాడు టీచరు ఉండేది. కె.కోటపాడు నుంచి వచ్చి మా ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే అమ్మాయి. మనిషి సన్నగా ఉండేది, గొంతు మాత్రం చివరి బల్ల దాకా వినిపించేది. నా అందానికి వస్తే, దేవుడు మొహం మామూలుగానే ఇచ్చి చెవుల దగ్గర మాత్రం ధారాళంగా వ్యవహరించాడు. ఒక సాయంత్రం పాటల ప్రాక్టీసు అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆ అమ్మాయి నాకేసి చూసి, "మీరు జుట్టు కొంచెం పెంచండి. చెవులు కప్పబడిపోతాయి, బాగుంటాది" అంది. ఒక ఆడపిల్ల నా తలకేసి అంత శ్రద్ధగా చూడడం నా జీవితంలో అదే మొదలు. ఇంటికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. మర్నాటి నుంచి సెలూను ఉన్న వీధిలోంచి నడవడం కూడా మానేశాను.

జుట్టు పెంచుతుంటే మధ్యలో ఒక దశ వస్తుంది. అప్పుడది పొట్టీ కాదు, పొడుగూ కాదు. చెవుల్ని కప్పవలసింది పోయి వాటి మీద పందిరిలా లేచి నిలబడి, అవెక్కడున్నాయో తెలియనివాడికి కూడా చూపిస్తుంది. నేను ఆ దశ దాటి మెడ దాకా వచ్చేసరికి వానలు పడ్డాయి. నాన్న చెరుకు రైతు, దానికి తోడు చర్చి కమిటీలో పెద్ద. ఒకరోజు అన్నం కలుపుతూ, నాకేసి చూడకుండా అన్నాడు: "ఒరే, బుచ్చయ్యపేటలో ఒకాయన అడిగేడు, మీ ఇంటి అరుగు మీద కూకున్న కొత్త ఆడగుంట ఎవులూ అని. నానేటి సెప్పాల?" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం అయ్యగారు (మా పాస్టరుగారిని అందరం అలాగే పిలుస్తాం) మగవాడు జుట్టు పెంచుకోవడం తగదని ప్రసంగం చేశారు. సీలింగు ఫ్యానుకేసి చూస్తూ, దానికే బుద్ధి చెబుతున్నట్టు చెప్పారు. ఫ్యాను తప్ప చర్చిలో అందరూ నాకేసి చూశారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర వందనాలు చెప్పే చోట మా మామ్మ అయ్యగారిని ఆపింది. "అయ్యగారూ, మీ గదిలో కేలండరు మీద ప్రభువు జుట్టు బుజాల దాకా ఉంది గదా. ఆయనకెవులూ సెప్పనేదేటి?" అని అడిగింది. అయ్యగారు గొంతు సవరించుకుని, "ఆయన సంగతి వేరు మామ్మగారూ" అన్నారు. "మా గుంటడి సంగతీ వేరే" అంది మామ్మ. (ఏ విధంగా వేరో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ పూట నా జుట్టు దక్కింది.)

అసలు చిక్కు క్రిస్మస్ అయ్యాక వచ్చింది. మా చర్చి ఆవరణలో ఏటా గుడ్‌ఫ్రైడే సాయంత్రం సిలువ నాటకం వేస్తారు. ప్రభువు వేషం ఎప్పుడూ మా పెదనాన్నదే. ఆయనకి బట్టతల, అందుకని అనకాపల్లిలో నాటకాల సామాన్లు అద్దెకిచ్చే చోటు నుంచి విగ్గు తెచ్చేవారు. (మిగతా రోజుల్లో రాముడికీ నారదుడికీ కూడా అదే విగ్గు.) అంతకుముందు ఏడాది, సిలువ మోస్తూ వెళుతున్న పెదనాన్న విగ్గు ఒక సైనికుడి బల్లేనికి చిక్కుకుని ఊడి వచ్చేసింది. ట్యూబులైటు కింద పెదనాన్న తల మెరిసింది. అంతవరకు వెక్కి వెక్కి ఏడుస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అయ్యగారు హడావిడిగా మైకు అందుకుని ముగింపు ప్రార్థన చేసేశారు. అందుకని ఈసారి కమిటీ కూర్చుని, విగ్గుతో పని లేని తలకాయ మన దగ్గరే ఉంది కదా అని తీర్మానించింది. నన్ను కొత్త ఆడగుంట అన్న నాన్నే లేచి నిలబడి, "మావోడు మొదట్నించీ దేవుడి కోసవే పెంచుతన్నాడు" అన్నాడు. అయ్యగారు నా నెత్తి మీద చెయ్యి వేసి, "ఈస్టర్ దాకా దీనికి కత్తెర పెట్టకూడదు" అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఎందుకంటే నాటకంలో మాటలు అందించేది కోటపాడు టీచరు. రోజూ సాయంత్రం ప్రాక్టీసు. ఇంకేం కావాలి?

ఆ జుట్టు ఇక నాది కాదని తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. అది సంఘం ఆస్తి అయిపోయింది. ఒకావిడ మందారాకు నూరి పంపేది, ఇంకొకావిడ కొబ్బరినూనె కాచి పంపేది. సినిమా హాలు దగ్గర లైన్లో నిలబడితే ఎవరో ఒక పిన్ని వెనక నుంచి "ఆ జుట్టెట్టుకుని సినిమాకేటి బాబూ" అనేది, నేను టిక్కెట్టు లేకుండానే ఇంటికొచ్చేవాణ్ణి. టీకొట్టు దగ్గర నేను కనిపించగానే స్నేహితులు బూతు జోకు సగంలో ఆపేసేవాళ్ళు. బస్సెక్కితే నాకంటే పెద్దవాళ్ళు లేచి సీటిచ్చేవాళ్ళు. భాయ్ ఒక్కడే సంతోషించాడు. "నీ మొహం సూసి ఎవడూ బేరవాడట్లేదు. ఈస్టర్ అయ్యేక కూడా ఉంచీ" అనేవాడు. నాక్కూడా మెల్లిగా నడవడం, మెల్లిగా మాట్లాడడం అలవాటైపోయింది. ఏం చేస్తాం, అంత జుట్టు పెట్టుకుని గట్టిగా అరిస్తే బాగుండదు. కోటపాడు టీచరు కూడా మారింది. ఇదివరకు నా మొహం మీదే నవ్వే పిల్ల, ఇప్పుడు నా మాటలు నాకు అందించేటప్పుడు కూడా తల వంచుకునే ఉండేది. జుట్టు బాగుందో లేదో ఒక్కసారీ అనలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి షాపుకి వచ్చింది. రీచార్జి చేయించుకుంది. అయినా వెళ్ళలేదు. కౌంటరు అద్దం మీద వేలితో గీతలు గీస్తూ, "మా ఇంట్లో సంబంధం చూస్తన్నారు. అనకాపల్లి వాళ్ళు, ఆయనకి రైల్వేలో ఉద్యోగం. నీకిష్టమేనా అని నాన్న అడుగుతున్నారు. నేనింకా ఏటీ చెప్పలేదు" అంది. తలెత్తి, "మీరేటంటారు?" అంది.

ఆ ప్రశ్న కోసమే కదా నేను వేసవి నుంచి వేసవి దాకా జుట్టు మోసింది. చెప్పవలసిన మాట నోటి దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే, ఫోను బాగుచేయించుకోవడానికి మాడుగుల నుంచి వచ్చి బల్ల మీద కూర్చున్న ఒక ముసలమ్మ నాకేసి చూసి రెండు చేతులూ జోడించింది. అంతే. నాలో ఉన్న కుర్రాడు వెనక్కి పోయాడు, నాటకంలో వాడు ముందుకొచ్చాడు. నా కుడిచెయ్యి ప్రాక్టీసులో లేచినట్టే సగం దాకా లేచింది. మెత్తగా, నెమ్మదిగా, "దేవుని చిత్తం ఎలా ఉంటే అలాగే జరుగుతుందండీ" అన్నాను. ఆ అమ్మాయి ఫోను బ్యాగులో పెట్టుకుంది. "సరేనండీ, ప్రార్థన చెయ్యండి" అని చెప్పి ఎండలోకి వెళ్ళిపోయింది. భాయ్ లెక్క చూసుకుంటున్నవాడల్లా తలెత్తి, "ఏటయ్యా నువ్వు? ఆ పిల్ల నిన్ను అడగడానికొచ్చింది. నువ్వు దీవించి పంపించీసేవు" అన్నాడు. నేను షాపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకున్నా ఆ జుట్టు అడ్డం వచ్చేది.

మర్నాడు పొద్దున్నే సెలూనుకి వెళ్ళి, చెవుల దాకా ఉంచి మిగతాది తీసెయ్యమన్నాను. మనిషిలా కనిపిస్తే మనిషిలా మాట్లాడగలనని నా ఆశ. సెలూను బావ కత్తెర వెనక్కి దాచుకున్నాడు. "నావల్ల కాదు బాబూ. మా ఇంటిది కూడా నాటకానికొస్తానంది. విగ్గు తెప్పించేరంటే నన్ను బతకనిస్తాదేటి?" అన్నాడు. నేను బతిమాలుతుంటే, పక్క కుర్చీలో మొహం నిండా సబ్బు నురగతో పడుకున్న మనిషి కళ్ళు తెరిచి అద్దంలోంచి నన్ను చూశాడు. అయ్యగారు. "ఈస్టర్ ఇంకెంతో దూరం లేదు నాయనా" అని, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను జుట్టంతా వేసుకుని తిరిగి వచ్చేశాను. ఈస్టర్ కాగానే తీయించేసి ఆ అమ్మాయికి నా నోటితో నేనే చెప్పుకుంటానని గట్టిగా అనుకున్నాను.

నాటకం రోజు ఆవరణ కిటకిటలాడింది. చేతులు కట్టేసి నన్ను సిలువ మీద నిలబెట్టాక చూస్తే, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో కోటపాడు టీచరు తల్లిదండ్రులు, వాళ్ళ పక్కన అనకాపల్లి వాళ్ళు. ఆ రైల్వే ఆయనకి నుదురు నడినెత్తి దాకా పాకింది. చెవులు నా చెవుల్లాగే ఉన్నాయి, దాచుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకి వచ్చినట్టు లేదు. గాలికి నా జుట్టు ఎగిరి నోట్లోకి వచ్చింది, తీసుకుందామంటే చేతులు లేవు. తెర పక్క నుంచి ఆ అమ్మాయి నా మాటలు ఒక్కొక్కటే అందిస్తోంది, నేను ఒక్కొక్కటే చెబుతున్నాను. మధ్యలో నిజంగానే ఏడుపు వచ్చేసింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ ఏడ్చారు. కిందికి దింపాక మామ్మ నా మొహం తుడుస్తూ, "మీ పెదనాన్న ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇంత బాగా ఏడ్చేడేటి" అంది.

ఈస్టర్ అయిన తరవాత కూడా, ప్రభువు వేషంలో ఫొటో దిగుదామని ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. చివరికి ఆ పై ఆదివారం తెల్లవారగానే సెలూను తీయించి కుర్చీలో కూలబడ్డాను. చెవులు పూర్తిగా కనిపించేలా తీయించేశాను. ఆరాధనకి రెండో గంట కొట్టేశారు, ఇంటికెళ్ళి స్నానం చేసే వ్యవధి లేక అలాగే చర్చికి పరిగెత్తాను. ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద ఆమెని ఆపి ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. ఆలస్యంగా వచ్చానని పాటల గుంపులోకి వెళ్ళకుండా వెనక వరసలో కూర్చున్నాను. పాటలయ్యాయి. అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక వివాహ ప్రకటన ఉందన్నారు. పెళ్ళికొడుకు ఊరు అనకాపల్లి అన్నారు. పెళ్ళికూతురి ఊరు చెప్పక్కర్లేకుండానే నాకు అర్థమైంది. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయాలని, అందరికీ అలవాటైన ఆ మాట చదివి, అలవాటుగానే ఒక క్షణం ఆగారు.

నా కుడిచెయ్యి లేచింది.

ఎందుకు లేచిందో ఇప్పటికీ నాకు తెలియదు. తెగిన వెంట్రుకలు కాలరు లోపల గుచ్చుకుంటున్న మాట నిజం. కానీ చెయ్యి మెడ దగ్గర ఆగలేదు, తల దాటి పైకి పోయింది. చర్చి అంతా వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో ఆమె కూడా తిరిగింది. అయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏం నాయనా?" అన్నారు. నోరు తెరిచాను. నాటకంలో అయితే ఆమె మాట అందించేది.

"ఏం లేదయ్యగారూ. కటింగు చేయించుకున్నాను కదా, వెంట్రుకలు గుచ్చుకుంటన్నాయి" అన్నాను.

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, అయ్యగారు కూడా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ముందుకి తిరిగి, చీర కొంగు తల మీద సరిచేసుకుంది.

ఇప్పటికీ చర్చిలో వివాహ ప్రకటన చదువుతుంటే నేను చేతులు రెండూ కట్టుకుని కూర్చుంటాను. మా ఆవిడ అడిగితే చలేస్తోందంటాను, నడివేసవిలో అయినా సరే. ఆవిడ నా బోడిగుండుకేసి ఒకసారి చూసి నమ్మేస్తుంది. నాకు మాత్రం ఆ వెనక వరసలో చెయ్యెత్తిన కుర్రాడు కనిపిస్తాడు, కొంచెం నవ్వొస్తుంది. చెయ్యి ఎత్తేదాకా వచ్చాడు పాపం. ఆ ఒక్క మాటా అనేసి ఉండాల్సింది.